అన్నింటికీ ఎనిమిదే

"ఈ ఎనిమిది ఎవరు రాసిన్రు?"

భాగ్యజ్యోతి కంట్రోలర్‌ను బల్ల మీద పెట్టేసి గోడకున్న తెల్లబోర్డు ముందుకు వచ్చి నిలబడింది. బోర్డు మీద గేముల పేర్లు, పక్కన పదికి ఎన్ని మార్కులో ఉన్నాయి. 'కత్తుల కోట నాలుగు' అన్న పేరుకు ఎదురుగా ఎనిమిది అని గుండ్రంగా రాసి ఉంది. దాని పైనున్న గేముకు ఎనిమిది. కిందున్న కారు రేసుకూ ఎనిమిదే.

"నేనే రాసిన మేడమ్," అన్నాడు గురురాజ్ కౌంటర్ వెనక నుంచి. ఉద్గీర్ రోడ్డులో ఆ గేమింగ్ పార్లర్ అతనిదే. "ఎందుకు, తక్కువైందా?"

"నువ్వు ఆడినవా దీన్ని?"

"ఆడిన. ఎండింగ్ దాంక."

"ఆడినంక గూడ ఎనిమిదంటే జర కండ్లు చూపించుకో సేఠ్."

వెనక కుర్చీల్లోని కాలేజీ కుర్రాళ్ళు తమ ఆట ఆపి ఇటు తిరిగారు. ఈమె నోరు తెరిస్తే ఆట కంటే బాగుంటుందని వాళ్ళకు తెలుసు. భాగ్యజ్యోతికి ఒక యూట్యూబ్ ఛానెల్ ఉంది. అందులో అచ్చమైన బీదర్ తెలుగులో గేములను ఉతికి ఆరేస్తుంది. వాళ్ళ నాన్న శంకర్‌రావు గంజ్ అనే ధాన్యం మార్కెట్‌లో పప్పుల టోకు వ్యాపారి. కందిపప్పుకు పెట్టినంత మనసు గేమ్ మెషీన్‌కు పెట్టే మనిషి కాదు. అందుకే కొత్త గేము వచ్చినప్పుడల్లా ఆమె ఈ పార్లర్‌కే రావాల్సి వచ్చేది.

నిజానికి చెత్త గేముల మీద ఆమెకు కోపం లేదు. చెత్త గేములో గుర్రం గోడలో ఇరుక్కుంటుంది, రాజుగారి తల మాయమవుతుంది, పదిమందికి చూపించి నవ్వుకోవచ్చు. ఆమెకు ఒళ్ళు మండేది అటూ ఇటూ కాని గేములతోనే. ఎక్కడా తప్పు దొరకదు, ఎక్కడా ప్రాణం ఉండదు. ఆదివారమంతా మింగేసి, సాయంత్రం ఏం ఆడావంటే చెప్పడానికి ఒక్క ముక్క మిగల్చవు. ఇంతకంటే మోసం ఇంకేముంటుందని ఆమె ప్రశ్న.

"మ్యాపు గింత పెద్దగిచ్చిన్రు. అండ్ల ఏమున్నది? బురుజెక్కు, దిగు. ఇంకో బురుజెక్కు. ఊరూర తిరిగి నెమలీకలు ఏరు. ఏరితే ఏమొస్తది? ఇంకో మ్యాపొస్తది."

"గ్రాఫిక్స్ మంచిగున్నయ్ గద."

"గడ్డి మంచిగున్నది. నేను బర్రెనా, గడ్డి చూసి సంబురపడనీకి?"

కుర్రాళ్ళు గొల్లుమన్నారు. గురురాజ్ కూడా నవ్వాడు. ఆమెకు ఇంకా మండింది.

"ఆ ముసలి మంత్రి వెంబడి పోయే లెవెల్ చూసినవా? నేను నడిస్తే ఆయన ముందల పోతడు. ఉరికితే నేను ముందల పోత. ఆయనేమొ కథ చెప్తుండు, నేనేమొ ఆగుడు, ఉరుకుడు, మళ్ళ ఆగుడు. కథ ఒక్క ముక్క ఇనలే."

"నాకు గూడ గట్లనే అయింది."

"మరి ఎనిమిది ఎట్లిచ్చినవ్?"

గురురాజ్ మెడ గోక్కున్నాడు. "పిలగాండ్లు సంబురంగ వస్తరు. ముందుగాలనే ఖరాబుంది అంటే వాళ్ళ మొకాలు చిన్నబోతయ్. చేసినోళ్ళు గూడ మస్తు కష్టపడి ఉంటరు. ఎవరి మనసైనా ఎందుకు నొప్పించాలె?"

"కష్టపడ్డోళ్ళు వేరే సేఠ్. వీళ్ళకు గింత చాలు అని ఫైసలా చేసినోళ్ళు వేరే. నువ్విచ్చిన ఎనిమిది ఆ రెండో రకపోళ్ళకు పోతది. ఐదో భాగం గూడ గిట్లనే తీస్తరు. మనకు గింత చాలా, చెప్పు?"

ఆమె బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టింది.

మనసులో మాట చెప్పాలంటే, ఆమెకు గురురాజ్ నచ్చాడు. అదే అసలు బాధ. ఆమె వచ్చే రోజున ఫ్యాను కింది కుర్చీని ఎవరికీ ఇవ్వడు. అడగకముందే చాయ్ తెప్పిస్తాడు. తను తిడుతుంటే కళ్ళార్పకుండా వింటాడు. అలాంటివాడు ఈ బోర్డు రాయడమేమిటని ఆమె ఉక్రోషం.

కుర్రాళ్ళు మళ్ళీ ఆటలో పడ్డాక గురురాజ్ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఒక మాట చెప్పాల్నా? నువ్వు నాకు మస్తు నచ్చినవ్ జ్యోతి."

ఆమె ఎన్నాళ్ళనుంచో వినాలనుకున్న మాట. తల ఎత్తబోయేసరికి అతని భుజం పక్కనుంచి బోర్డు కనబడింది.

"ఎంత నచ్చిన? ఎనిమిదా?"

"గట్లంటవేంది?"

"అన్నీ నచ్చేటోనికి నేను గూడ నచ్చితే అండ్ల నా గొప్పేమున్నది? ఆ కారు రేసు కింద నా పేరు గూడ రాసుకో."

విసురుగా బయటికి వచ్చేసింది. బయట వాన దంచుతోంది. గొడుగు లోపలే ఉండిపోయింది. దానికోసం వెనక్కి వెళ్ళడానికి రోషం ఒప్పుకోలేదు. తడిసి ముద్దయి ఇల్లు చేరింది.

మర్నాడు వీడియో పెట్టింది. అందులో గేమును తిట్టింది కొంచెమే. లోకంలో అన్నింటికీ ఎనిమిదిచ్చే మెత్తటి మనుషులను తిట్టింది చాలా.

వీడియో చూసి గురురాజ్ గంజ్‌కు వచ్చాడు. భాగ్యజ్యోతి వాళ్ళ నాన్న దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు కొడుతోంది. శంకర్‌రావు వేలం దగ్గర ఉన్నాడు. బయట మళ్ళీ వాన. గురురాజ్ చేతిలో ఆమె గొడుగు ఉంది, మనిషి మాత్రం నిలువునా తడిసి ఉన్నాడు.

"గొడుగు చేతిల పెట్టుకొని తడుస్తరా ఎవరన్న?"

"నీది గద. అడగకుండ ఎట్ల వాడాలె?"

ఈ మంచితనం చూసి ఆమెకు కోపం నషాళానికి అంటింది. "గిదే వద్దనేది. ఇప్పుడు సాఫ్ చెప్పు. కత్తుల కోటకు నువ్వు నిజంగ ఎంతిస్తవ్?"

అతను చుట్టూ చూశాడు. హమాలీలు బస్తాల మీద కూర్చుని వింటున్నారు. పక్క దుకాణం చంద్రప్ప మెడ సాచి మరీ చూస్తున్నాడు. "అందరి ముందల ఎట్ల చెప్పాలె..." అని నసిగాడు.

భాగ్యజ్యోతి గద్దె మీదున్న నాన్న తువ్వాలను లాగింది. గంజ్‌లో పాతవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ధర పైకి చెప్పరు. తువ్వాల కింద చేయీ చేయీ కలిపి, ఎంత చెప్పాలనుకుంటే అన్ని వేళ్ళు పట్టుకుంటారు, అయిదు దాటితే వదిలి మళ్ళీ పట్టుకుంటారు. చుట్టూ ఎందరున్నా ఆ మాట ఆ ఇద్దరికే తెలుస్తుంది. శంకర్‌రావు ఇప్పటికీ పాత గిరాకీలతో అలాగే సౌదా చేస్తాడు.

"చేయి ఇయ్యి. ఇప్పుడు చెప్పు."

తువ్వాల కింద అతని చేయి చల్లగా తగిలింది. కాసేపు తటపటాయించింది. తర్వాత ఆమె వేళ్ళు మూడింటిని పట్టుకుంది.

"మూడా?"

"గట్టిగ అనకు. అందరు ఇంటరు."

ఆమెకు నవ్వాగలేదు. ఈ మనిషిలో నిజం ఉంది, అడుగున ఎక్కడో దాక్కుని ఉంది, అంతే. ఆ ఉత్సాహంలో ఇంకో ప్రశ్న వేసేసింది. "మరి నా ఛానెల్‌కు?"

ఈసారి అతను ఎక్కువసేపు తీసుకున్నాడు. ఆఖరికి అయిదు వేళ్ళూ కలిపి పట్టుకున్నాడు. చేతికి హాయిగానే ఉంది. మిగతా మార్కుల కోసం ఆమె ఎదురుచూసింది. రాలేదు.

"అయిదేనా?"

"నువ్వే సాఫ్ చెప్పుమన్నవ్," అన్నాడు అతను నెమ్మదిగా. "నీ లెక్క తిట్టేటోళ్ళు ఎవరు లేరు. నీ వీడియోలన్ని చూసిన. నీకేం నచ్చుతదో ఒక్క దాంట్ల లేదు. నేను అన్నింటికి ఎనిమిదిస్త, నువ్వు అన్నింటికి మూడిస్తవ్. ఇద్దరికి ఫరకేమున్నది?"

ఆమె ముఖం ఎర్రబడింది. జవాబు వెతుక్కునే తొందరలో చేయి తీసుకోవాలన్న సంగతే మరిచిపోయింది.

"శంకర్‌రావ్, నీ బిడ్డ సౌదా కుదుర్చుకున్నట్టుంది చూడు," అని చంద్రప్ప కేకేశాడు.

గడప దగ్గర శంకర్‌రావు నిలబడి ఉన్నాడు.

గంజ్‌లో తువ్వాల కింద చేతులు కలిశాయంటే మాట అయిపోయినట్టే. సాయంత్రానికి శంకర్‌రావు బిడ్డకు పెళ్ళి కుదిరిందన్న కబురు చుట్టుపక్కల దుకాణాలన్నీ తిరిగింది. ఇంట్లో శంకర్‌రావు అరవలేదు, పిల్లవాడి వివరాలు మాత్రం అడిగాడు.

"నేను గేముకు మార్కులడిగిన నాయినా," అంది భాగ్యజ్యోతి.

"తువ్వాల కిందనా?"

ఆమె లేచి లోపలికి వెళ్ళబోతే శంకర్‌రావు ఆపాడు.

"పెద్దోళ్ళను తీస్కొని రమ్మందాం. నచ్చకపోతే వద్దను. కాని ముందుగాల రానీ."

అయిదు మార్కుల అవమానం ఆమెను నిలవనీయలేదు. అతనిది తప్పని రుజువు చేద్దామని తన వీడియోలన్నీ మళ్ళీ చూసింది. తిట్లు బాగున్నాయి. ఫలానాది నాకు నచ్చిందన్న మాట ఎక్కడా దొరకలేదు. దాంతో అతని మీద కోపం రెండింతలైంది.

ఆదివారం గురురాజ్ తన తల్లి రాచమ్మతో కలిసి వచ్చాడు. భాగ్యజ్యోతి వాళ్ళమ్మ సుమిత్రాబాయి మరమరాలతో సుస్లా చేసి పెట్టింది. సుమిత్రాబాయి వంటకు వంక పెట్టిన చుట్టం బీదర్ జిల్లాలో లేడు. ఈరోజు మాత్రం కంగారులో మరమరాలను నీళ్ళలో మరిచిపోయింది.

"ఎట్లుంది బాబు?" అని అడిగింది ఆమె.

గుమ్మం దగ్గర నిలబడ్డ భాగ్యజ్యోతి అతని నోటి వంకే చూసింది. మస్తుంది అనడానికి అతని పెదాలు సిద్ధమవుతున్నాయి. అంటే మాత్రం ఈ సంబంధం వద్దని ఇక్కడే చెప్పేస్తానని నిశ్చయించుకుంది. మెచ్చడం తప్ప ఏమీ తెలియని నోటినుంచి జీవితాంతం మెప్పులు వినడం ఆమెవల్ల కాదు.

గురురాజ్ చెంచా కింద పెట్టాడు.

"మరమరాలు ఎక్కువ నానినయ్ అమ్మా. ముద్దయింది. చాయ్ అయితే మంచిగున్నది."

రాచమ్మ కొడుకు తొడ మీద గిల్లింది. శంకర్‌రావు కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది. సుమిత్రాబాయి ఒక చెంచాడు తీసుకుని తిని చూసింది.

"అవును, ముద్దయింది," అని మొగుడి వైపు తిరిగింది. "నువ్వు పొద్దుగాల తిన్నవ్ గద. ఒక్క మాటన్న అన్నవా?"

శంకర్‌రావు తొందరగా మాట మార్చాడు. "సరే బాబు, మా బిడ్డ సంగతి గూడ గట్లనే సాఫ్ చెప్పు."

"గుస్సా ఎక్కువ," అన్నాడు గురురాజ్. "ఒక్కోపారి బేకార్ గుస్సా గూడ ఉంటది. నాకు మస్తు నచ్చింది."

పార్లర్‌లో విన్న మాటే. ఈసారి భాగ్యజ్యోతి దాన్ని నమ్మింది.

"మరి నీకేమ్మా?" అన్నాడు శంకర్‌రావు.

అందరూ ఆమె వైపు చూశారు. తిట్టమంటే ఆమెకు మాటలు వరసకట్టి వస్తాయి. దీనికి ఒక్కటీ రాలేదు. చున్నీ కొసను వేలికి చుట్టుకుంది.

"నచ్చిండు," అంది మెల్లగా. అలా మెల్లగా అన్నందుకు తన మీద తనకే కోపమొచ్చి, రాచమ్మకూ వినబడేలా మళ్ళీ గట్టిగా చెప్పింది. "మస్తు నచ్చిండు నాయినా. నాకు ఈ పిలగాడే కావాలె."