పెన్షన్‌లో పాప వాటా

ఈ నెల కూడా డబ్బు పడలేదు! కేకుల దుకాణంలో ఆమె చేతులు క్రీముతో గులాబీలు చుడుతున్నాయే గాని, మనసంతా కూతురి స్కూలు ఫీజు చుట్టూనే తిరుగుతోంది. విడాకులైనప్పుడు పాప పోషణకని కోర్టు నిర్ణయించిన సొమ్మును, సైన్యంలో ఉన్న అతని జీతంలోంచే కోసి నెలనెలా ఆమెకు పంపేవారు. మొన్నటిదాకా ఎన్నడూ తప్పలేదు... బ్యాంకు వాళ్ళదే పొరపాటనుకుని, పిచ్చిది, వాళ్ళతోనే పోట్లాడి వచ్చింది!

అయినా ఆ గులాబీ ఎంత ముద్దుగా వచ్చిందో! ఫోనులో చెప్పిన ఆర్డరు అది. గులాబీ పక్కన బుల్లి సైనికుడి టోపీ, కింద ‘ఇక హాయిగా విశ్రాంతి తీసుకో’ అన్న అక్షరాలు. ఎవరో అదృష్టవంతుడు ఇంటికి చేరుకున్నాడు కాబోలని మురిసిపోయి, అడక్కుండానే ఇంకో ఆకు వేసింది.

ఆ కేకు కోసం తలుపు తోసుకొని వచ్చింది... ఒకప్పటి అత్తగారు!

“నువ్వా ఇక్కడ పనిచేసేది? తెలిస్తే వేరే షాపులో చెప్పేదాన్ని.”

ఆమె చూపు కేకు మీది టోపీ మీద పడింది. “అత్తయ్యా... ఆయన రిటైరయ్యారా? నాకొక్క మాటైనా చెప్పలేదే!”

“నీకెందుకు చెప్పాలే? జీతం ఆగింది, కోతా ఆగింది. పీడా వదిలింది!”

“పాప మీ మనవరాలు కాదా అత్తయ్యా?”

“అబ్బో, ఆ పేరు చెప్పి ఇంకెన్నాళ్ళు పిండుతావు వాణ్ణి? పెట్టె కాస్త గట్టిగా కట్టు, కారులో ఒరిగిపోతుంది.”

కట్టింది... కన్నీటి చుక్క దానిమీద పడకుండా మొహం పక్కకు తిప్పుకొని మరీ కట్టింది!

వకీలమ్మ దగ్గర భోరుమంటే ఆవిడ కసిరింది. “ఆగింది ఆయన జీతమమ్మా, కోర్టు ఉత్తర్వు కాదు. పెన్షన్‌లోంచి కోయమని అర్జీ పెడదాం. ఆదాయం పడిపోయింది, తగ్గించండని ఆయన అడుగుతాడు చూడు.”

ఆవిడ అన్నట్టే అడిగాడు! కోర్టులో తలవంచుకొని, “పెన్షన్ తప్ప నాకేం లేదండీ” అన్నాడు. జడ్జిగారు ఆగిన నెలల బాకీ కట్టమన్నారు, ఇకపై పెన్షన్‌లోంచి పాప వాటా వస్తుందన్నారు. కానీ సొమ్ము బాగా తగ్గింది... ఆ స్కూలు మాన్పించి దగ్గర్లోని మామూలు బడిలో వేయాల్సిందే! గెలిచిందో ఓడిందో తెలియక ఆమె మెట్లు దిగుతుంటే, పాప చెయ్యి విడిపించుకుని తండ్రి దగ్గరికి పరుగెత్తింది.

“నాన్నా! ఇప్పుడు డ్యూటీ లేదుగా... ఆదివారం మా ఇంటికి రావా?”

అతను జేబులో కారు తాళాలు వెతుక్కున్నాడు. “చూద్దాంలే తల్లీ... కాస్త పనులున్నాయి.”

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మామూలుగా అయితే దానికే గంతులేసే పిల్ల, బయటికే చూడలేదు.

“అమ్మా, నాన్నకి ఇప్పుడేం పని?”

ఇన్నేళ్ళూ ‘నాన్న డ్యూటీలో ఉన్నాడమ్మా’ అని ఎంత తేలిగ్గా చెప్పేసేది! ఇవాళ పాపను దగ్గరికి లాక్కుని, చెదరని జడను విప్పి, మళ్ళీ మొదట్నించీ అల్లడం మొదలుపెట్టింది.