ముప్పై ఎనిమిదోది

డబ్లిన్ పక్కన ఒక మందుబిళ్ళల ఫ్యాక్టరీ ఉంది. అందులో రెండో అంతస్తు చివరి కంట్రోల్ రూమ్‌కి పేరు మంచిది కాదు... చీకటి పడితే ఒంటరిగా అందులోకి ఎవరూ వెళ్ళరు. కరోనా పుణ్యమా అని, ఒక్కొక్కరే వెళ్ళాలని రూలు పెట్టారు.

2020 అక్టోబర్‌లో మా జయకర్ అక్కడ సాయంత్రం షిఫ్టులో చేరాడు. ఆదివారం జూమ్ ప్రార్థన అయ్యాక ఆయన చెప్పగా విన్నదే ఇది.

యంత్రాలను నడిపే కంప్యూటర్లకు ఏమేం తగిలించి ఉన్నాయో చూడడం జయకర్ పని. జాబితాలో లేనిది ఒక్కటి కనిపించినా పట్టుకోవాలి. దాని గుండా ఎవరైనా లోపలికి దూరితే బిళ్ళలో మందు పాళ్ళే మారిపోవచ్చు.

జాబితాలో ముప్పై ఏడు. తెర మీదా ముప్పై ఏడే. కానీ రోజూ సరిగ్గా ఏడు గంటలకి... ముప్పై ఎనిమిది. పది నిమిషాలుండి మాయం.

డిసెంబర్‌ వచ్చింది. నాలుగున్నరకే చీకటి. శుక్రవారం తనిఖీ — ఆలోగా అదేమిటో తేలకపోతే కాంట్రాక్టు పొడిగించనని మేనేజర్ చెప్పేశాడు. కాంట్రాక్టు పోతే ఈ దేశంలో పనిచేసే పర్మిట్టూ పోతుంది. పాపం, జయకర్‌కి ముద్ద దిగడం లేదు.

గురువారం పాట్‌కి ఫోన్ చేశాడు. పాట్ ఆ గదిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన పెద్దాయన. డెబ్బై దాటినవాళ్ళు ఇల్లు కదలొద్దంటే నేవన్ ఊళ్ళో ఇంట్లో కూర్చున్నాడు. అంతా విని గొంతు తగ్గించాడు —

“అది ఎవరిదో ఫోన్ అయ్యుంటుంది. ప్రెస్‌లో ఉండాలి కదా. యూ ఆర్ గ్రాండ్, ఏం ఫరవాలేదు.”

జయకర్‌కి తెలిసిన ప్రెస్ ఒక్కటే... పొడిని నొక్కి బిళ్ళలు చేసే మిషను. ఎవరి ఫోనో అందులో పడిందన్నమాట!

ఆ సాయంత్రం లైను ఆగి ఉంది. మూతలు విప్పి, తల లోపలికి దూర్చి, టార్చి వేసి వెతికాడు. నెత్తిన బోలెడు పొడి పడింది గానీ ఫోన్ లేదు. తిరిగి కంట్రోల్ రూమ్‌లోకి వస్తుంటే, తుడవడానికి వచ్చిన కమల గుమ్మంలో ఎదురైంది. బకెట్ వదిలేసి ఒకటే పరుగు.

ఏడైంది. గదిలో కూలబడి, రోజూలాగే ఫోన్ చార్జింగ్‌కి పెట్టి, ఇంటికి వీడియో కాల్ చేశాడు. ఆరేళ్ళ కూతురు అబిగేయిల్‌కి పడుకునే ముందు ప్రార్థన చేయించేది ఆయనే.

తెర మీద... ముప్పై ఎనిమిది.

“ప్రెస్ అంతా వెతికాను తల్లీ... లేదు,” అన్నాడు గుసగుసగా.

“విచ్ ప్రెస్, డాడీ? కప్స్ పెట్టేదా?”

వెనకనుంచి భార్య సంతోషకుమారి అందుకుంది. “ఇక్కడ అలమరనే ప్రెస్ అంటారండీ. పిల్లకి తెలిసింది మీకు తెలీదా?”

గది మూల అలమర. చేరినప్పటినుంచీ దాన్ని తెరిచిందే లేదు. ఊపిరి బిగబట్టి లాగాడు... కిర్రుమంది.

లోపల వరసగా చార్జర్లు. ఒక్కోదాని కింద ఒక్కో పేరు. చివర కొత్త చీటీ — జయకర్. పైన పెద్ద అక్షరాలు: ఫోన్లు ఇక్కడే. కంప్యూటర్లకు తగిలించరాదు.

మెల్లగా వెనక్కి తిరిగాడు. బల్ల మీద తన ఫోన్... దాని తీగ... కంట్రోల్ కంప్యూటర్లోకి.

పీకాడు. ముప్పై ఏడు.

రిపోర్టులో ‘ఎవరిది?’ అన్న గడి ముందు చాలాసేపు కూర్చున్నాడు. పోతే పోయిందని తన పేరే రాశాడు. తనని తానే పట్టిచ్చుకున్న మనిషిని ఇప్పుడే చూస్తున్నానని మేనేజర్ నవ్వి, కాంట్రాక్టు పొడిగించాడు.

ఆ గదికి చెడ్డపేరు మాత్రం ఇంకా పెరిగింది. కమల కళ్ళారా చూసిందట — నిలువెల్లా తెల్లగా, చేతిలో టార్చి, మూతికి మాస్కు.