ఎర్ర అక్షరాల కీబోర్డు

సోమవారం పొద్దున దొన్కా పొయ్యిలోంచి పొరల రొట్టె బానిట్సా తీసి బల్ల మీద పెట్టింది. చీజ్ కరిగి అంచులు కరకరలాడుతున్నాయి. దాని పక్కనే, అంతకన్నా గర్వంగా, కొడుకు పాత లాప్‌టాప్ తెరిచి పెట్టింది. ఆ రోజు నుంచి పిల్లలు ఎవరి లాప్‌టాప్ వాళ్ళు తరగతికి తెచ్చుకోవచ్చని బడిలో చెప్పారు. పాతదాని మీటల మీద అక్షరాలన్నీ అరిగిపోయాయి. దొన్కా ఆదివారమంతా కూర్చుని, తమ బల్గేరియన్ భాష ముప్పై అక్షరాలనూ ఎర్ర గోళ్ళరంగుతో మళ్ళీ దిద్దింది. గాబ్రోవో ఊళ్ళో బట్టల మిల్లు ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు టైపిస్టుగా చేసిన మనిషి. ఏ అక్షరం ఎక్కడుంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా?

మనవరాలు బిలియానా కళ్ళు నులుముకుంటూ వచ్చి చూసి కెవ్వుమంది.

"నానమ్మా! ఏంటిది? కీబోర్డు షికారుకెళ్తోందా?"

"కనపడుతున్నాయా లేదా?"

"పక్క ఊరికి కూడా కనపడతాయి! మా క్లాసు కల్యా కొత్త టాబ్లెట్ తెస్తోంది. నేనిది బయటికి తీస్తే అందరూ నవ్వుతారు."

"నవ్వనీ, మనదేం పోయింది? కొట్టేటప్పుడు మాత్రం పని పూర్తయ్యేదాకా తల ఎత్తకు. మా మిల్లులో తల ఎత్తినవాళ్ళే తప్పులు కొట్టేవాళ్ళు."

"అత్తయ్యా, పిల్లనిక వదలండి, బస్సు పోతుంది," అని కోడలు రలిత్సా కేకేసింది. పిల్ల బానిట్సా ముక్క నోట్లో కుక్కుకుని, లాప్‌టాప్ చంకన పెట్టుకుని పరుగెత్తింది.

మధ్యాహ్నం తలుపు ధడాలున తెరుచుకుంది. బిలియానా ముక్కు ఎర్రబడి ఉంది. ఒక కాగితం తెచ్చి బల్ల మీద విసిరింది. దాని మీద నాలుగు వరుసలు ఉన్నాయి కానీ ఒక్క మాటకూ అర్థం లేదు.

"ఇంట్లో మంచి పనిమంతుల గురించి రాయమంది టీచర్. నువ్వు చెప్పినట్టే తల ఎత్తకుండా నీ ఎర్ర అక్షరాలు చూసి కొట్టా. అందరివీ గోడ మీద చూపించింది. నాది రాగానే క్లాసు క్లాసంతా పడీ పడీ నవ్వారు. రేపు మళ్ళీ కొట్టుకురావాలట!"

రలిత్సా లాప్‌టాప్ తీసి రెండు మీటలు నొక్కి తల పట్టుకుంది.

"అత్తయ్యా, మీరు దిద్దింది టైపు మిషను వరుస. దీనిలో ఉన్న వరుస వేరు. మీరు రాసిన అక్షరం నొక్కితే ఇంకో అక్షరం పడుతోంది. ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదా!"

"అక్షరాలకి రెండు వరుసలుంటాయని నాకేం తెలుసమ్మా?"

"ఇంక నా వస్తువులు ముట్టుకోకు నానమ్మా!" అని బిలియానా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

దొన్కా ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. మిల్లులో డైరెక్టరు ఉత్తరాలు కూడా ఆమె చేతికే వచ్చేవి, ఆమె కొట్టిన కాగితంలో తప్పు ఉండేది కాదు. ఇన్నేళ్ళకు తప్పు చేసింది, అదీ సొంత మనవరాలి దగ్గర. పిల్ల మళ్ళీ కొట్టే శ్రమైనా తప్పిద్దామని కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. ఒక్కో ఎర్ర మీటా నొక్కుతూ, దానికి ఏ అక్షరం పడుతోందో కాగితం మీద జతలు జతలుగా రాసుకుంది. తర్వాత పిల్ల తెచ్చిన నాలుగు వరుసల్ని ఆ జతల ప్రకారం విప్పడం మొదలుపెట్టింది.

మొదటి మాట "మా", రెండోది "నానమ్మ". దొన్కా పెన్సిలు ఆగిపోయింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ రాసింది.

"మా నానమ్మ వేళ్ళకి కళ్ళుంటాయి. ఆవిడ చీకట్లో కూడా తప్పు లేకుండా కొడుతుంది. ఈ ఎర్ర అక్షరాలు నా కోసం దిద్దింది. ఎవరు నవ్వినా నేను చెరపను."

పొద్దున అంత గోల చేసిన పిల్ల బడికెళ్ళి రాసింది ఇదా! దొన్కా కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఆకలేసి బయటికొచ్చిన బిలియానా ఆ కాగితం చూసి నిలబడిపోయింది.

"చదివేశావా?"

"నీ తప్పు ఒక్కటీ లేదు బంగారం. అన్నీ సరిగ్గా కొట్టావు. రా, ఈ రంగు తుడిచేస్తాను."

"తుడిస్తే ఊరుకోను! చెరపనని రాశాగా?" పిల్ల లాప్‌టాప్ లాక్కుని ఏదో వెతికి రెండుసార్లు నొక్కింది. "ఇదిగో, దీన్నే నీ వరుసకి మార్చేశా. నీ అక్షరాలెందుకు మారాలి, అదే మారుతుంది. ఇందాక అరిచానని కోపమొచ్చిందా?"

"వచ్చింది. బానిట్సా తిను, పోతుంది."

"నీ కోపానికి నేనెందుకు తినాలి?" అని నవ్వుతూనే పెద్ద ముక్క తీసుకుంది. వంటగదిలోంచి రలిత్సా కూడా నవ్వింది.

చేతులు తుడుచుకుని బిలియానా మళ్ళీ కొట్టడానికి కూర్చుంది. దొన్కా వెనకాల నిలబడింది. ఎర్ర అక్షరం నొక్కిన చోటల్లా అదే అక్షరం పడుతోంది. "మా నానమ్మ" అని తెర మీద కనపడగానే దొన్కా పొంగుకొస్తున్న ఏడుపును పెదవి బిగించి ఆపుకుంది.

"సరిగ్గానే వస్తోందా నానమ్మా?" అని పిల్ల వెనక్కి తిరగబోయింది.

"పని పూర్తయ్యేదాకా తల ఎత్తకు," అంది దొన్కా, గబగబా ఆప్రాన్‌తో కళ్ళు ఒత్తుకుంటూ.