కుడివైపు ఆకుపచ్చ

టెస్టర్‌ను లిఫ్టులో చంపారు. మెడలో వేసుకున్న ఐడీ కార్డు తాడే ఉరితాడైంది.

"సాఫ్ట్‌వేర్ పరీక్షించేవాణ్ణి చంపడం దేనికి సార్?" గూఢచారి డేగ అడిగాడు.

"నీళ్ళ ప్లాంటు కంప్యూటర్లలో ఇవాళ కొత్త అప్‌డేట్ పడింది. అందులో ఏదో కనిపెట్టాడు. చెప్పేలోపే పోయాడు," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా పని. వైరస్ కోసం జల్లెడ పట్టాం, దొరకలేదు. ఆ అప్‌డేట్ డిజైన్ చేసింది మన ఏజెంటు నెమలి. మన జీతం తింటూ వాళ్ళకూ పనిచేస్తోంది. పట్టుకో."

ఆ ప్లాంటు కంట్రోల్ రూమ్‌లో కూర్చునేది డేగ సొంత అక్క. తమ్ముడు ఏసీ మెకానిక్ అనుకుంటోంది పాపం.

ఆ వేషంలోనే ప్లాంటుకు వెళ్ళాడు. కారిడార్‌లో నెమలి ఎదురైంది. ఎర్ర గౌను, నల్ల కళ్ళద్దాలు, చేతిలో సూట్‌కేసు. పారిపోయే మనిషి.

"ఎండ మండిపోతోంది," అన్నాడు. కోడ్ వాక్యం.

"వాన పడితేగానీ తగ్గదు," అంది అలవాటుగా.

స్క్రూడ్రైవర్ పిడిలోని తుపాకీ ఆమె పక్కటెముకకు ఆనింది.

"వైరస్ ఎక్కడ?"

నెమలి నవ్వింది. "వైరస్ ఎందుకు? షిఫ్టు మొదట్లో రోజూ స్క్రీన్ మీద ఓ పెట్టె వస్తుంది. క్లోరిన్ వాల్వు పూర్తిగా తెరవాలా అని. కుడివైపు ఆకుపచ్చ బటన్ 'వద్దు'. మీవాళ్ళు ఏళ్ళ తరబడి దాన్నే నొక్కుతున్నారు. ఒక్కరూ చదవరు. ఇవాళ ఆ ఆకుపచ్చలో 'అవును' పెట్టాను. అంతే."

"ఊరంతా తాగే నీళ్ళవి!"

"నాదేముంది? మీ ఆపరేటర్ వేలు చంపుతుంది."

ఆమె చేతికి బేడీ వేసి, రెండో కొస పైపుకు తగిలించి పరుగెత్తాడు.

కంట్రోల్ రూమ్‌కు అద్దాల తలుపు. తాళం. లోపల అక్క పక్కావిడతో కబుర్లు చెబుతోంది. స్క్రీన్ మీద పెట్టె వెలిగింది. డేగ అద్దం బాదాడు. అక్క చూసి నవ్వింది. ఎడమ చెయ్యి ఊపింది. కుడి చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. బాణం గుర్తు ఆకుపచ్చ మీదికి పాకింది.

టూల్‌కిట్ విసిరాడు. అద్దం భళ్ళుమంది. ఒక్క దూకు దూకి మౌస్ వైరు పీకేశాడు.

"నీకేం పోయేకాలంరా! ఏసీ బాగానే ఉందిగా!"

"అక్కా, ఆ పెట్టె చదువు."

"చదివేదేంట్రా, రోజూ వచ్చేదేగా..."

చదివింది. ముఖం పాలిపోయింది. చెయ్యి తీసి ఒళ్ళో దాచుకుంది.

"ఈ చేత్తోనే చేసేదాన్ని కదరా."

ముఠా దొరికింది. పై ఆఫీసు గట్టి జాగ్రత్త తీసుకుంది. ఇప్పుడు ఆ పెట్టె వెనకే ఇంకో పెట్టె వస్తుంది, 'పై పెట్టె చదివారా?' అని.

కొన్నాళ్ళు అక్క రెండూ కూడబలుక్కుని చదివింది. తరవాత ఓరోజు డేగ ఏసీ నెపంతో వెళ్ళి, కొత్త అద్దంలోంచి చూశాడు. అక్క పక్కావిడ వైపు తిరిగి నవ్వుతూనే నొక్కింది.

టక్. టక్.

ఆనాటి నుంచీ డేగ నీళ్ళు కాచుకునే తాగుతున్నాడు.