పదకొండు బోర్డుల కింద సంతకం

ఆ రోజు పొద్దున గిన్నెల చప్పుడుతోపాటు కూనిరాగం కూడా వినిపించేసరికి బోర్డుల పెయింటర్ తలెత్తి చూశాడు. మూడు వారాలుగా గోడవైపు తిరిగి పడుకున్న కూతురు లేచి, తల దువ్వుకుని, అతని రంగు డబ్బాలన్నీ వరండాలో వరసగా పేరుస్తోంది. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండేది కాదని తనే దానికి ఉడత అని పేరు పెట్టాడు. పదహారేళ్లు వచ్చినా ఇంట్లో ఆ పేరే మిగిలింది.

"చూశారా! డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు వారం తిరక్కుండానే పనిచేశాయి," అంది భార్య. ఆమె మొహం వెలిగిపోతోంది. "నా తల్లి మళ్లీ మనిషైంది."

"రెండు రోజుల్నుంచి నిద్రే లేదమ్మా, అయినా అలుపు లేదు! ఎరుపులన్నీ అటు, నీలాలన్నీ ఇటు. నాన్నకి డబ్బాల మూతలు పెట్టడం కూడా రాదు. మనం బోర్డుల స్కూలు పెడదాం, వందమందికి నేర్పుదాం, కాదు, వెయ్యిమందికి..." ఉడత గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది.

పెయింటర్ చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. ఆ వేగం అతనికి తెలుసు. అతనొక్కడికే తెలుసు.

నెల కిందట భార్య తన చెల్లెలి పురిటికని వెళ్లి పన్నెండు రోజులు అక్కడే ఉండిపోయింది. ఆ పన్నెండు రోజులూ ఉడత సరిగా పడుకోలేదు, తినలేదు, నోరు మూయలేదు. ఆ ఊపులోనే కుంచె పట్టి, అతను ఒప్పుకున్న పదకొండు దుకాణాల బోర్డులు రాసి పారేసింది. సుద్దగీత కూడా గియ్యలేదు. అక్షరాలు నీళ్లు పారినట్టు పారాయి. పాతికేళ్లుగా స్కేలు పెట్టి, దారం పట్టి రాసే అతని చెయ్యి ఒక్కనాడూ అలా కదల్లేదు. "ఈ వయసులో చెయ్యి భలే తిరిగిందే, ఆర్టిస్టు గారూ!" అని చెప్పుల దుకాణం ఆయన భుజం తడితే అతను కాదనలేదు. అన్ని బోర్డుల మూలల్లోనూ అప్పటికే తను సంతకం పెట్టేశాడు.

ఆ తర్వాత ఉడత ఒక్కసారిగా మంచమెక్కింది. కుంచె చూపించినా మొహం తిప్పుకుంది. అప్పుడు అతనికి మొదట కలిగింది బాధ కాదు. హమ్మయ్య అనిపించింది.

పోయిన వారం డాక్టరమ్మ అడిగింది, ఈ దిగులుకు ముందు పిల్ల నిద్ర లేకుండా, మరీ హుషారుగా ఉన్న రోజులేమైనా ఉన్నాయా అని. భార్య లేవంది, చూడలేదు కాబట్టి. అతనూ లేవన్నాడు. ఉన్నాయంటే బోర్డుల సంగతి చెప్పుకోవాలి మరి.

"ఆర్టిస్టు గారూ, ఉన్నారా?" గేటు తీసుకుని బేకరీ ఆయన వచ్చాడు. "నాకూ చెప్పుల దుకాణం వాళ్లకి రాసినట్టే కావాలి. ఒక్క అక్షరం రాసి చూపించండి, చాలు."

పెయింటర్ రేకు ముక్క తీసి, స్కేలు కోసం వెతుక్కున్నాడు. ఈలోగా ఉడత కుంచె లాగేసుకుంది. "ఇలా ఇవ్వు, నీతో తెల్లారదు!" ఒక్క విసురులో అక్షరం పడింది.

"అబ్బో! తండ్రిని మించిపోయిందే!" అన్నాడు బేకరీ ఆయన.

పెయింటర్ ఆ కుంచె తిరిగి లాక్కున్నాడు. "పొగరెక్కువైంది నీకు! పెద్దా చిన్నా లేదా?"

"పొగరేంటి నాన్నా? ఆ పదకొండూ నేనే కదా రాసింది! సంతకం ఒక్కటేగా నీది!" అని పకపకా నవ్వింది ఉడత. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. బేకరీ ఆయన మళ్లీ వస్తానంటూ మెల్లగా జారుకున్నాడు.

భార్య భర్తను లోపలికి పిలిచి తలుపు వేసింది. "ఏ పదకొండు?"

"నువ్వు ఊళ్లో లేనప్పుడు... ఇదిగో, ఇలాగే ఉండేది. రాత్రీ పగలూ."

"మరి డాక్టరమ్మకి లేదన్నారేం? పిల్ల ప్రాణం కన్నా ఎక్కువా మీకు ఆ సంతకం?"

"కుళ్లుకున్నానే," అన్నాడు. "కన్నకూతురి చెయ్యి చూసి కుళ్లుకున్నాను. పొగరని పేరు పెట్టుకుని సరిపెట్టుకున్నాను."

ఆమె అతని చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది. "పదండి. ఇదే మాట అక్కడ చెప్పండి."

ఒంటిగంటకల్లా ముగ్గురూ ఆసుపత్రిలో ఉన్నారు. అతను ఏదీ దాచకుండా చెప్పాడు. డాక్టరమ్మ విని, పెన్ను కింద పెట్టింది.

"ఇది తెలిసుంటే నేను ఆ మాత్ర ఒక్కటే ఇచ్చేదాన్ని కాదు. ఒట్టి దిగులనుకున్నాను. మీరు చెప్పేది చూస్తే బైపోలార్ లాగుంది, దానికి రెండు కొసలుంటాయి, ఒకటి పట్టలేని హుషారు, ఇంకోటి దిగులు. ఈ వయసులో ఒక కొసని పొగరంటారు, ఇంకో కొసని బద్ధకమంటారు. రెండూ కావు. దిగులుకిచ్చే ఆ మాత్రే కొందరిని హుషారు కొసకి ఎగదోస్తుంది. మందు మారుద్దాం. కొన్నాళ్లు ఇక్కడే ఉంచండి."

"నావల్లే కదమ్మా?"

"జబ్బు మీవల్ల రాలేదు. ఈ వారం మీవల్ల పోయింది. ఇవాళ వచ్చారుగా, అది కూడా మీవల్లే."

ఆ చివరి మాట ఆమె అనాల్సిన అవసరం లేదు. అయినా అంది. అతను కళ్లు తుడుచుకున్నాడు.

మూడు నెలలు గడిచాయి. మందులకి ఉడత వేళ్లు కాస్త వణుకుతున్నాయి. ఒక సాయంత్రం వరండాలో కూర్చుని ఒక్క అక్షరం రాయడానికి పావుగంట తీసుకుంది.

"నా చెయ్యి కూడా నీలాగే నత్తనడక అయిపోయింది నాన్నా," అంది. "ఇప్పుడు నీకు సంతోషమేనా?"

వెక్కిరించిందో నిజంగా అడిగిందో అతనికి తెలియలేదు. "లేదురా," అన్నాడు. ఆ మాట నిజమే అయినందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

మర్నాడు నిచ్చెన వేసుకుని పదకొండు దుకాణాలకీ తిరిగాడు. రాసింది తన కూతురని ఒక్కొక్కరికీ చెప్పి, మూలనున్న సంతకం మీద రంగు పూసేశాడు. చెప్పుల దుకాణం దగ్గరికి ఉడత కూడా వచ్చింది. తండ్రి నిచ్చెన పట్టుకుంటే, పైకెక్కి, ఖాళీ మూలలో చిన్న ఉడత బొమ్మ వేసింది.

దుకాణం ఆయన బయటికొచ్చి కళ్లు చికిలించాడు. "ఇదేంటమ్మా, నా చెప్పులు కొరకడానికి ఎలుకని పెట్టావా?"

ఉడత నిచ్చెన మీదే నవ్వింది. కింద తండ్రి ఊపిరి బిగబట్టి విన్నాడు. ఆ నవ్వు ఆగాల్సిన చోట ఆగింది.

నిచ్చెనని ఇంకాస్త గట్టిగా పట్టుకుని, "తోక ఇంకొంచెం పెంచు తల్లీ," అన్నాడు.