వెళ్ళొస్తాను

"నా వానని ఏం చేశారు?"

పత్రిక ఆఫీసులో అందరూ తలలెత్తారు, సబ్ ఎడిటర్ తప్ప. అతని చేతిలో ఎర్ర పెన్ను, ముందు కొత్తగా చేరిన రచయిత్రి కథ. ఆఫీసులో అతన్ని కత్తెర అంటారు, మొహం మీదే అంటారు.

"తీసేశాను."

"పేజీన్నర వానండీ అది."

"'వాన పడింది' అని ఉంచాగా. చదివేవాళ్ళు వాళ్ళే తడుస్తారు."

ఆమె కాగితం లాక్కుని చదివింది. ఒళ్ళు మండింది. కానీ తడిసిన మాట నిజం. ఆ సంగతి అతనికి చస్తే చెప్పదు.

అప్పట్నుంచీ అదే వరస. ఆమె గంపెడు మాటలు తెచ్చేది, అతను గుప్పెడు మిగిల్చేవాడు. టీ తాగుతూ వాదించుకునేవాళ్ళు. ఆమె రాని రోజు అతనికి టీ చప్పగా ఉండేది. అలాంటివి పైకి చెప్పడం అతని దృష్టిలో అనవసరం.

ఓసారి మాత్రం గట్టిగానే చెడింది. ఆమె కథలో అమ్మాయి గుమ్మం దగ్గర "వెళ్ళొస్తాను" అంటే, అతను "వెళ్తాను" అని దిద్దాడు.

"వెళ్ళేది ఇప్పుడు. వచ్చినప్పుడు వచ్చిందని రాద్దాం," అన్నాడు.

"వెళ్తాను అనకూడదని మీకు ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

"మా అమ్మ చెప్తుంది. ఆవిడకి ఎడిటింగ్ రాదు."

ఆమె నవ్వలేదు.

కొన్నాళ్ళకి వేరే ఊళ్ళో ఆమెకి పెద్ద ఉద్యోగం వచ్చింది. "చేరమంటారా? మీరు వద్దంటే ఆలోచిస్తాను," అని అతనికి మెసేజ్ పెట్టింది. అతను బారెడు జవాబు టైప్ చేశాడు. అలవాటుకొద్దీ ఒక్కో మాటా తీసేస్తూ వచ్చాడు. చివరికి "మంచిది" మిగిలితే అదే పంపాడు.

ఆఖరి రోజు సాయంత్రం ఆమె బ్యాగ్ భుజాన వేసుకుని అతని టేబుల్ దగ్గర ఆగింది.

"వెళ్తాను."

అతను ఎర్ర పెన్ను పట్టుకునే లేచి నిలబడ్డాడు.

"అదేంటి, అలా అంటారు?"

"మీరు దిద్దిందేగా."

"కాదు, చూడండి, మంచిది అంటే మంచిదని కాదు. ఉద్యోగం మంచిదే, మీరు వెళ్ళిపోవడమే... పోనీ వెళ్ళండి, నేనే అక్కడికి వస్తుంటాను. మా అమ్మకి మీ గురించి అంతా చెప్పేశాను, ఆ వానతో సహా. ఎప్పుడు తీసుకొస్తావని ప్రాణం తీస్తోంది. మీరు లేకపోతే నాకు టీ కూడా సహించదు. అసలు నాకు మొదటి రోజు నుంచీ మీరంటే..."

పక్క టేబుల్ ప్రూఫ్ రీడరమ్మ కళ్ళజోడు తీసి మరీ చూసింది. కత్తెర నోట అన్ని మాటలు ఆవిడ ఎన్నడూ విన్లేదు.

ఆమె అతని చేతిలో ఎర్ర పెన్ను తీసుకుంది.

"బాగా సాగదీశారు. ఎక్కడ కొట్టేయమంటారు?"

"ఒక్క మాట కూడా తియ్యొద్దు."

"మరి ఆఖరి వాక్యం పూర్తి కాలేదే."

"మీరంటే ఇష్టం."

ఆమె పెన్ను తన బ్యాగులో వేసుకుంది. గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగింది.

"వెళ్ళొస్తాను," అంది.