కషాయం చాలన్న చెయ్యి

సోమవారం పొద్దున్నే బ్రోనియుస్ బీరుకి కావలసిన రొట్టెలు కాల్చడానికి పొయ్యి రాజేశాడు. ఆదివారం ఆయన భార్య ఎల్వీరా సంవత్సరీకం. చర్చిలో పూజయ్యాక ఊరంతా ఇంటికొస్తుంది. బల్ల మీద ఇంటి బీరు లేకపోతే పోయిన మనిషికే అవమానం. ఆదివారానికి అందాలంటే ఇవాళే పులియబెట్టాలి.

కూతురు విల్మాకి ఆ బీరు గురించే దిగులు. ఈస్టర్‌కి ఆయన చేసిన పీపా బీరు నోట్లో పెట్టుకోలేనంత చేదు. పొరుగింటి ఆల్బినాస్ మొహమాటానికి ఒక కూజా పట్టుకెళ్లి పందుల కుడితిలో పోశాడు. పందులు కూడా మూతి తిప్పుకున్నాయట. ఆ మాట ఆయన చెవిన వేసే ధైర్యం ఎవరికుంది? నలభై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల పెళ్లికైనా చావుకైనా బ్రోనియుస్ బీరే మరి.

అందుకే విల్మా గుట్టుగా కొత్త పాళ్లు వెతికింది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అంటే మాల్టు, మూడో వంతు తీసేసి రై ధాన్యం పిండి కలిపింది. ముద్ద చేసి, రొట్టెలు మామూలుకన్నా నల్లగా కాల్చింది. చేదు కోసం కాచే కషాయంలో హాప్స్ పూలు సగానికి తగ్గించి, ఎండిన ఎర్ర క్లోవర్ గడ్డిపూలు వేసింది. మార్చినప్పుడల్లా ఒక సీసా. మూడోది చప్పిడి, నాలుగోది మందునీళ్లు, ఐదోది మరీ తీపి. ఏడోదానికి గాని తీపీ చేదూ సర్దుకోలేదు.

ఆ సీసాలే ఆ పొద్దున నేలమాళిగలో బంగాళాదుంపల బస్తాల వెనక ఆయన కంటపడ్డాయి. పైకి తెచ్చి పొయ్యి పక్క బల్ల మీద పెట్టాడు.

"ఏంటివి?"

"నేనే చేశాను నాన్నా. ఏడోది ఒక్కసారి రుచి చూడు."

"మా తాతల నాటి బీరులో గడ్డిపూలా? మీ అమ్మకి సంవత్సరీకం పెడుతున్నామా, ఆవులకి మేత పెడుతున్నామా?"

"హాప్స్ తగ్గించాలి నాన్నా."

"నిన్నగాక మొన్న గరిటె పట్టినదానివి, నాకు నేర్పుతావా!" ఒక్క విసురుకి సీసాలన్నీ నేలపాలయ్యాయి.

విల్మాకి ఒళ్లు మండిపోయింది. "ఈస్టర్ బీరు పందులు కూడా ముట్టలేదు, తెలుసా?" అనేసింది. నాలుక కరుచుకుంది గాని ఆగలేదు. రెండు చెంచాలు తెచ్చింది. ఒకదాన్లో చల్లారిన హాప్స్ కషాయం, ఇంకోదాన్లో పంచదార నీళ్లు.

"కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పు."

ఆయన రెండూ చప్పరించాడు. మళ్లీ చప్పరించాడు. "మొదటిది... కషాయం."

మొదటిది పంచదార నీళ్లు. కూతురి ముఖం చూడగానే ఆయనకి అర్థమైపోయింది. పొయ్యి పక్కన కూలబడ్డాడు.

"తొమ్మిదేళ్లయిందే. ఆ పాడు జ్వరం తగ్గాక నాకు రొట్టే ఒకటే, మట్టీ ఒకటే."

"మరి ఇన్నేళ్లూ ఎలా చేశావు?"

"మీ అమ్మ. తొట్టిలో నేను కషాయం పోస్తుంటే ఎడం పక్క నిలబడి రుచి చూసేది. చేదు చాలనుకుంటే నా మోచెయ్యి తట్టేది. పదిమంది చూస్తున్నా ఎవరికీ తెలిసేది కాదు." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఆఖరిసారి సెప్టెంబరులో గోడ పట్టుకుని నడిచొచ్చింది పిచ్చిది. పద్నాలుగు గరిటెల దాకా తట్టలేదు. తట్టాక, ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదంది. తన అంత్యక్రియల్లో అందరూ తాగింది ఆ బీరే కదా, ఒక్కరూ చుక్క మిగల్చలేదు. ఈస్టర్‌కి నేనూ పద్నాలుగే పోశాను. మరి అదెందుకు చెడింది?"

ఆ సెప్టెంబరులో మంచాన పడ్డ తల్లికి సూపు తాగించింది విల్మాయే. మందులకి నోరు చచ్చిపోయి, "ఏం పెట్టినా ఇనుప మేకు నాకినట్టుందే, మీ నాన్నకి చెప్పకు" అనేది. అంత్యక్రియల నాటి బీరు చేదు విల్మాకి ఇంకా గుర్తుంది. ఏడ్చి ఏడ్చి తన నోరే చేదెక్కిందనుకుంది. జనం కళ్లు మూసుకుని గుటుక్కున మింగుతుంటే దుఃఖం కాబోలనుకుంది.

"ఆ రోజుది బాగుంది కదూ?" అన్నాడాయన, దీనంగా.

పొద్దుటినుంచీ నిజం చెప్పాలని తహతహలాడిన పిల్లకి ఆ ఒక్క నిజం నోట రాలేదు.

"చాలా బాగుంది నాన్నా. ఈస్టర్‌కి వాడిన పూలు మరీ ఘాటువి, అంతే."

ఆయన లేచి, పిండి ఏడో సీసా పాళ్లలోనే కలపమన్నాడు. రొట్టెలు కాలాయి. తొట్టిలో విరిచి, వేడినీళ్లు పోసి, తీపి రసం వడగట్టారు. సాయంత్రం కషాయం గరిటె ఎత్తుతూ "ఎడం పక్కకి రా" అన్నాడు.

విల్మా వచ్చి నిలబడింది. ఒక్కో గరిటెకీ రుచి చూసింది. ఆరో గరిటె పడగానే ఆయన మోచెయ్యి తట్టింది.

"ఆరుకేనా?" గరిటె గాల్లోనే ఆగిపోయింది. "మీ అమ్మ పద్నాలుగు..."

కూతురి ముఖంలోకి చూశాడు. విల్మా తల దించుకుంది.

"దానికీ రుచి తెలియలేదన్నమాట," అన్నాడు మెల్లగా. "నాకోసం లేచొచ్చింది."

గరిటె కింద పెట్టి, తొట్టి అంచు పట్టుకుని, భుజాలు కుదిపేసేలా ఏడ్చాడు. విల్మా ఆయన మోచేతి మీంచి చెయ్యి తియ్యలేదు.